చిగుళ్ళలో రక్తం, గుల్లబారే ఎముక: నెలసరి ఆగాక రెండింటినీ కలిపి చూసుకోవడం ఎలా

అమ్మకు 52 ఏళ్ళప్పుడు కింది ముందు పళ్ళు ఊగడం మొదలైంది. పిప్పి పన్ను ఒక్కటి లేదు, నొప్పీ లేదు. జంతిక కొరికినప్పుడు మాత్రం పన్ను కదులుతున్నట్టు తెలిసేదట. "వయసు మీద పడుతోంది కదే" అని తనకు తనే సర్దిచెప్పుకునేది. పదేళ్ళలో ఏడు పళ్ళు పోయాయి. 63వ ఏట తడి బాత్‌రూమ్‌లో జారి, పడకుండా చేయి ఆనించింది. మణికట్టు విరిగింది. అప్పుడు తీసిన స్కాన్‌లో ఎముకలు బాగా గుల్లబారాయని తేలింది. ఆ పదేళ్ళలో పళ్ళు పీకిన డాక్టరు ఒక్కసారీ ఎముకల మాట ఎత్తలేదు. చేతికి కట్టు కట్టిన డాక్టరు నోరు తెరవమనలేదు. రెండూ కలిపి చెప్పాలని మాకూ తోచలేదు.

నాకు 49వ ఏట నెలసరి ఆగింది. మరుసటి ఏడాది ఒక పొద్దున ఉమ్మిన పేస్టు నురగలో ఎర్రటి చార కనబడింది. అమ్మ గుర్తొచ్చి ఆ రోజే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అక్కణ్ణుంచి ఒక్కొక్కటీ తెలుసుకుంటూ చేసుకుంటూ వచ్చిన పనులే కింద రాస్తున్నాను. మీకు నెలసరి ఆగిపోయినా, ఆగే దశలో ఉన్నా, గర్భసంచి తీసేసినా ఈ వరసలో చేసుకుంటూ వెళ్ళండి. మీ అమ్మ కోసమో అత్తగారి కోసమో చదువుతున్నా ఇవే పనులు.

ముందు అసలు సంబంధం ఏమిటో తెలుసుకోండి

పన్ను చిగురులో నాటుకుని ఉంటుందని చాలామంది అనుకుంటాం. నిజానికి అది దవడ ఎముకలో ఉన్న గుంటలో కూర్చుని ఉంటుంది. పన్నుకూ ఎముకకూ మధ్య సన్నటి నారలు కట్టు వేసినట్టు పట్టుకుంటాయి. పైన చిగురు కాలరులా చుట్టుకుని ఉంటుంది. పన్ను గట్టిగా నిలవాలంటే ఆ గుంట గోడ ఎత్తుగా ఉండాలి. గోడ తరిగిన కొద్దీ పన్ను వదులవుతుంది.

మన ఎముక రాయిలాంటిది కాదు. పాత ఎముకను తీసేసే కణాలు, కొత్త ఎముక వేసే కణాలు రోజూ పనిచేస్తూనే ఉంటాయి. తీసేసే కణాలు హద్దు దాటకుండా ఆపేది ఈస్ట్రోజెన్ హార్మోను. ముట్లు ఆగాక అది పడిపోతుంది. కూల్చే పని వేగంగా సాగుతుంది, కట్టే పని దాన్ని అందుకోలేదు. ముట్లు ఆగిన తర్వాతి ఐదు నుంచి ఏడేళ్ళలోనే కొందరిలో ఎముక 20 శాతం దాకా తరిగిపోవచ్చు. వెన్నుపూస, తుంటి, మణికట్టు గురించి అందరూ చెబుతారు గానీ దవడ కూడా ఎముకే.

ఇక రెండో వైపు నుంచి వచ్చేది పాచి. పన్నుకూ చిగురుకూ మధ్య సందులో పాచి నిలిస్తే అందులోని సూక్ష్మజీవులతో ఒళ్ళు పోరాటం మొదలుపెడుతుంది. చిగురు ఎర్రబడి ఉబ్బుతుంది, తాకితే రక్తం వస్తుంది. ఇది మొదటి దశ. శుభ్రం చేస్తే పూర్తిగా తగ్గిపోతుంది. పట్టించుకోకపోతే ఆ వాపు లోపలికి దిగి, ఎముకను తీసేసే అవే కణాలను పన్ను చుట్టూ పోగేస్తుంది. అంటే ఒకే గోడను ఒకవైపు హార్మోను లేకపోవడం, ఇంకోవైపు పాచి తవ్వుతున్నట్టు. అసలే పలచబడిన గోడ తొందరగా కూలుతుంది.

దీన్ని ఆడవాళ్ళలోనే ప్రత్యేకంగా చూసినవాళ్ళున్నారు. అమెరికాలోని బఫెలో నగరంలో 1997 నుంచి 2001 దాకా ముట్లు ఆగిన 1,300 మందికి పైగా స్త్రీలను చేర్చుకుని, వాళ్ళ ఎముకల సాంద్రతనూ పళ్ళ చుట్టూ ఉన్న ఎముక ఎత్తునూ పక్కపక్కన పెట్టి చూశారు. ఎముకలు పలచబడినవాళ్ళలో పళ్ళ చుట్టూ ఎముక కూడా ఎక్కువగా తరిగి కనిపించింది.

అయితే ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎముకలు గుల్లబారిన ప్రతి ఒక్కరికీ చిగుళ్ళ జబ్బు రాదు. జబ్బు మొదలుపెట్టేది పాచే. ఎముక బలహీనత దానికి దారి సులువు చేస్తుంది. అందుకే నోరు శుభ్రంగా ఉంచుకోవడంలో మన చేతిలో చాలా ఉంది. అలాగే చిగుళ్ళు బాగుచేయించుకున్నంత మాత్రాన తుంటి ఎముక గట్టిపడదు. దేని వైద్యం దానిదే. చూపించుకోవడం మాత్రం రెండూ కలిపి.

మీకు ముప్పు ఎంత ఉందో లెక్క వేసుకోండి

తెలుగువాళ్ళం మొదట చూసుకోవలసింది గర్భసంచి ఆపరేషన్. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో అది దాదాపు 9 శాతం, తెలంగాణలో 8కి దగ్గర. మనవాళ్ళలో ఇంతమందికి ఇంత చిన్న వయసులో ఆపరేషన్ అయిందని చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. ముప్పై అయిదేళ్ళకే గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా ఆగిపోతుంది. యాభైలో మొదలవ్వాల్సిన ఎముక నష్టం పదిహేనేళ్ళ ముందే మొదలవుతుంది. అండాశయాలు ఉంచినా కొందరిలో అవి కాస్త ముందుగానే పని మానేస్తాయి. మీకు ఆపరేషన్ అయి ఉంటే డిశ్చార్జి కాగితం వెతకండి. అండాశయాలు తీశారా, ఉంచారా అన్నది అందులో రాసి ఉంటుంది. కాగితం లేకపోతే స్కానింగ్‌లో తెలుస్తుంది.

45 ఏళ్ళలోపే నెలసరి ఆగినా, అమ్మకో నాన్నకో తుంటి విరిగి ఉన్నా, మరీ సన్నగా ఉన్నా, ఆస్తమాకో కీళ్ళవాతానికో స్టెరాయిడ్ బిళ్ళలు నెలల తరబడి వాడినా ముప్పు ఎక్కువ. షుగర్ ఉంటే అదొక రెండువైపుల కత్తి: షుగర్ అదుపు తప్పితే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళలో వాపు ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది.

పొగాకు ఎముకకూ చిగురుకూ రెండింటికీ శత్రువు. మన ఊళ్ళలో ఆడవాళ్ళు సిగరెట్ కాల్చరు కాబట్టి ఆ ప్రశ్న అడగడమే మానేస్తారు. కానీ పళ్ళకు నశ్యం రుద్దేవాళ్ళు, గుడాకు అనే పొగాకు ముద్ద పెట్టుకునేవాళ్ళు, ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దామెలు ఇంకా ఉన్నారు. పంటినొప్పికి మందని అలవాటైన నశ్యం చివరికి చిగురునే తినేస్తుంది. పొగాకు వాడేవాళ్ళలో చిగురు నుంచి రక్తం తక్కువ రావచ్చు కూడా. రక్తం రావట్లేదు కాబట్టి బాగుందనుకుని మోసపోవద్దు.

అద్దం ముందు ఐదు నిమిషాలు నిలబడండి

పగటి వెలుతురులో, లేదా ఫోన్ టార్చి వేసుకుని పెదవి పైకెత్తి చూడండి. ఆరోగ్యంగా ఉన్న చిగురు పన్నును గట్టిగా హత్తుకుని ఉంటుంది. పళ్ళ మధ్య కోసుగా ముక్కోణంలా దిగుతుంది. మనలో చాలామందికి చిగుళ్ళ మీద సహజంగానే నల్లటి మచ్చలుంటాయి, వాటికి కంగారు పడక్కర్లేదు. అంచు ఎర్రగా, నిగనిగలాడుతూ ఉబ్బి ఉందా? ఆ ముక్కోణం తరిగిపోయి పళ్ళ మధ్య నల్లటి కిటికీలు పడ్డాయా? పళ్ళు మునుపటికంటే పొడుగ్గా కనబడుతున్నాయా? కింది ముందు పళ్ళ లోపలివైపు నాలుకతో తడమండి. గరుకుగా, సున్నం అంటుకున్నట్టు తగిలితే అది గార, అంటే గట్టిపడిపోయిన పాచి.

ఇంకో మూడు సంగతులు చూసుకోండి. ముందు పళ్ళ మధ్య ఈమధ్యే కొత్తగా సందు పడిందా? పాత ఫొటోలో మీ నవ్వు చూస్తే తెలిసిపోతుంది. నోటి దుర్వాసన బ్రష్ చేసినా పోవడం లేదా? కట్టుడు పళ్ళున్నవాళ్ళయితే సెట్టు మాటిమాటికీ వదులవుతోందా? సెట్టు చెడిపోయిందని అందరూ అనుకుంటారు. చాలాసార్లు దాని కింద ఉన్న ఎముక గట్టు తరిగిపోవడమే కారణం.

నొప్పి కోసం ఎదురుచూడొద్దు. పిప్పి పన్ను రాత్రంతా ఏడిపిస్తుంది గానీ చిగుళ్ళ జబ్బు చప్పుడు చేయకుండా ఎముక తినేస్తుంది. అమ్మ విషయంలో మేం చేసిన తప్పు అదే.

ఒక ఫైలు పెట్టండి, అది మీరే మోయండి

ఈ మొత్తం వ్యవహారంలో నేను అన్నిటికంటే ముఖ్యమనుకునేది ఇది. గైనిక్ డాక్టరు, ఎముకల డాక్టరు, పళ్ళ డాక్టరు ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఏర్పాటు మన దగ్గర దాదాపు లేదు. వాళ్ళను కలిపేది మీ చేతిలో ఉన్న ఫైలే. పది రూపాయల ప్లాస్టిక్ ఫైలు చాలు. మొదటి కాగితం మీద మీ చేత్తో ఇవి రాయండి: నెలసరి ఏ వయసులో ఆగింది, ఆపరేషన్ అయితే ఏ ఏడాది, ఏమేమి తీశారు. 40 దాటాక ఎక్కడైనా ఎముక విరిగిందా, ఎలా విరిగింది. ఇప్పుడు వాడే బిళ్ళలు అన్నీ, డోసుతో సహా. బీపీ బిళ్ళను మర్చిపోకండి. అమ్లోడిపిన్ అనే బీపీ మందు కొందరిలో చిగుళ్ళను ఉబ్బేలా పెంచుతుంది. అలా అనిపిస్తే డాక్టరుకు చెప్పండి, మీరే ఆపేయొద్దు. పేర్లు రాయడం కష్టమైతే ఖాళీ అట్టలు చింపకుండా ఫైలులో పెట్టుకుని వెళ్ళండి.

పళ్ళ డాక్టరు దగ్గర ఏం అడగాలి

కుర్చీలో కూర్చోగానే రెండు ముక్కలు చెప్పండి: "నాకు నెలసరి ఆగి ఇన్నేళ్ళయింది. చిగుళ్ళ కింద ఎముక ఎలా ఉందో చూసి చెప్పండి." ఈ రెండో ముక్క అడగకపోతే చాలా చోట్ల పిప్పి పళ్ళు చూసి పంపేస్తారు.

చిగుళ్ళు సరిగ్గా చూడడమంటే కొలవడం. మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి మొండి పుల్లలాంటి పరికరాన్ని పన్నుకూ చిగురుకూ మధ్య మెల్లగా దింపుతారు. ఒక్కో పన్నుకు ఆరు చోట్ల. నాకు కొలుస్తూ డాక్టరమ్మ "రెండు, మూడు, రెండు... మూడు, మూడు, ఆరు" అని చెబుతుంటే పక్కనున్న అమ్మాయి కాగితం మీద వేసుకుంటూ పోయింది. నాకు ఆ ఆరు దగ్గర చురుక్కుమంది. 3 మి.మీ. వరకూ మామూలే. 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే అక్కడ సందు జేబులా లోపలికి దిగిందని అర్థం. అంత లోతుకు ఏ బ్రష్షూ చేరదు. కొలిచిన కాగితం కాపీ అడిగి తీసుకోండి. ఫోన్లో ఫొటో తీసుకున్నా సరే.

ఎక్స్‌రే అవసరమంటే తీయించుకోండి. రెండు దవడలూ ఒకే ఫిల్ములో పడే ఓపీజీ తీస్తే గోడ ఎంత తరిగిందో కనబడుతుంది. ఆ ఫిల్ములో కింది దవడ అంచు పలచగా, చెదలు పట్టినట్టు ఉంటే ఎముకలు గుల్లబారాయేమోనని అనుమానించవచ్చు. అది రోగ నిర్ధారణ కాదు గానీ స్కాన్‌కు వెళ్ళమనే సూచన. ఈ సంగతి మీరే అడగండి: "దవడ అంచు మందంగానే ఉందా?"

ఇక స్కేలింగ్, అంటే గార తీయించుకోవడం. "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయి, సందులు పడతాయి" అని మన ఇళ్ళలో బలంగా నమ్ముతారు. అమ్మ ఈ భయంతోనే జన్మలో చేయించుకోలేదు. ఇలా ఎందుకనిపిస్తుందో నా నోట్లోనే చూశాను. గార ఊడి పడ్డాక నాలుకకు కింది పళ్ళ వెనక ఖాళీలు తగిలాయి. రెండు రోజులు చల్లటి నీళ్ళు జివ్వుమన్నాయి. ఆ ఖాళీలు డాక్టరమ్మ చేసినవి కావు. ఎముక తరిగి ఎప్పుడో పడ్డవి, ఇన్నాళ్ళూ గార వాటిని సిమెంటులా పూడ్చి పెట్టింది. ఉబ్బిన చిగురు వాపు తగ్గి దిగడం వల్ల కూడా సందు పెద్దదిగా కనిపిస్తుంది. గారతో నిలబడ్డ పన్ను గట్టి పన్ను కాదు.

సందులు లోతుగా ఉంటే మామూలు స్కేలింగ్ చాలదు. మత్తు ఇచ్చి వేరు పొడవునా శుభ్రం చేస్తారు. ఇంకా లోతయితే చిగురు తెరిచి చేసే చిన్న ఆపరేషన్ ఉంటుంది. అలాంటప్పుడు చిగుళ్ళ స్పెషలిస్టును, అంటే పెరియోడాంటిస్టును కలవండి. ఖర్చు గురించి వెనకాడేవాళ్ళకు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ, కడపలోనూ ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. ప్రైవేటు డెంటల్ కాలేజీల్లో కూడా బయట క్లినిక్కులకంటే బాగా తక్కువే తీసుకుంటారు. ఒక పూట కూర్చోవాల్సి వస్తుంది, అంతే.

ఎముకల పరీక్ష

ఎముకల సాంద్రత కొలిచే పరీక్షను డెక్సా స్కాన్ అంటారు. బల్ల మీద బట్టలతోనే పడుకుంటే పది, పదిహేను నిమిషాల్లో నడుము, తుంటి చూస్తారు. సూది ఉండదు, నొప్పి ఉండదు. రిపోర్టులో టీ-స్కోర్ చూడండి. మీ ఎముకను ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకతో పోల్చి చెప్పే అంకె అది. మైనస్ 1 కంటే పైన ఉంటే మామూలు. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఎముక పలచబడుతోంది. మైనస్ 2.5 గానీ అంతకంటే కిందికి గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్టు, అదే ఆస్టియోపోరోసిస్. 65 దాటిన స్త్రీలందరూ చేయించుకోవాలి. పైన చెప్పిన ముప్పుల్లో ఏదైనా ఉంటే, లేదా చిగుళ్ళ కింద ఎముక బాగా తరిగిందని పళ్ళ డాక్టరు చెబితే, ఇంకా ముందే అడగండి.

ఉచిత క్యాంపుల్లో మడమను చిన్న మెషీన్లో పెట్టించి చెప్పే అంకె డెక్సాతో సమానం కాదు. అందులో తక్కువ వస్తే స్కాన్‌కు వెళ్ళండి, దాన్ని పట్టుకుని మందులు మొదలుపెట్టకండి. స్కాన్‌తో పాటు విటమిన్ డి, కాల్షియం, థైరాయిడ్, షుగర్ రక్త పరీక్షలు డాక్టర్లు రాస్తారు. అన్నీ ఫైలులోకే.

ఎముకల మందు మొదలుపెట్టే ముందు నోరు బాగుచేయించుకోండి

ఈ వరస తప్పితే ఇబ్బంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగి చదవండి. ఎముక తరగకుండా ఆపే మందులు కొన్నున్నాయి. వారానికొకటి వేసుకునే అలెండ్రోనేట్ బిళ్ళ, ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్, ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్. తుంటి, వెన్ను విరగకుండా కాపాడే మంచి మందులివి. అయితే ఇవి వాడుతున్నప్పుడు పన్ను పీకితే అరుదుగా కొందరిలో ఆ గుంట మానకుండా దవడ ఎముక బయటపడి ఉండిపోతుంది. ఎముకల కోసం వాడే బిళ్ళలతో ఇది వెయ్యి మందిలో ఒకరికి కూడా రాదు. క్యాన్సర్‌కు ఇచ్చే పెద్ద డోసులతో ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ.

కాబట్టి ఎముకల డాక్టరు మందు రాయగానే అడగండి: "ఒకసారి పళ్ళు చూపించుకుని మొదలుపెట్టమంటారా?" పీకాల్సినవి ముందే పీకించి, పుండు మానాక మందు మొదలుపెట్టడం మంచిది. ఇప్పటికే వాడుతుంటే పళ్ళ డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఏ మందు, ఎన్నేళ్ళ నుంచి, చివరి డోసు తేదీ ఎప్పుడు అని. స్కేలింగ్, ఫిల్లింగ్ లాంటివి మామూలుగానే చేయించుకోవచ్చు. భయపడి మందు మీరే ఆపేయొద్దు. ముఖ్యంగా డెనోసుమాబ్ ఇంజెక్షన్ తేదీ దాటిపోతే ఎముక వేగంగా తరిగి వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. ఆపాలన్నా, మార్చాలన్నా ఎముకల డాక్టరే చెప్పాలి.

అలెండ్రోనేట్ వేసుకునే పద్ధతి: పరగడుపున, గ్లాసు నిండా మంచినీళ్ళతో. కాఫీతో కాదు, పాలతో కాదు. వేసుకున్నాక అరగంట పడుకోకూడదు, ఏమీ తినకూడదు. పడుకుంటే బిళ్ళ గొంతులో, అన్నవాహికలో నిలిచి పుండు చేస్తుంది. అమ్మ ఆదివారం పొద్దున వేసుకుని, ఆ అరగంట వాకిట్లో మొక్కలకు నీళ్ళు పోస్తుంది.

హార్మోన్ మందులు ఎముకకు మేలు చేస్తాయి, వేడి ఆవిర్లూ తగ్గిస్తాయి. అవి మీకు సరిపడతాయా లేదా అన్నది గైనిక్ డాక్టరు మీ గుండె, రొమ్ము, రక్తం గడ్డలు కట్టే తత్వం అన్నీ చూసి చెప్పాలి. చిగుళ్ళ కోసమని మాత్రమే వాడేవి కావు.

రోజూ ఇంట్లో

మెత్తటి బ్రష్ కొనండి. గట్టి బ్రష్‌తో తోమితే శుభ్రమవుతుందన్నది అపోహ. ఇప్పటికే కిందికి జారిన చిగురును అది ఇంకా కోసేస్తుంది. బొగ్గుపొడి, ఇటుకపొడి, కచ్చిక, ఉప్పుకల్లు రుద్దడం మానేయండి. పన్ను వేరు భాగం బయటపడ్డాక దానిమీద గట్టి ఎనామిల్ ఉండదు, ఇట్టే అరిగిపోతుంది. వేపపుల్ల అలవాటున్నవాళ్ళు కొన మెత్తగా నమిలి వాడుకోండి గానీ రాత్రి బ్రష్, ఫ్లోరైడ్ పేస్టు మాత్రం వదలొద్దు.

తోమే పద్ధతి ఇది. బ్రష్ పోచలు సగం పన్ను మీద, సగం చిగురు అంచు మీద ఆనేలా ఏటవాలుగా పెట్టండి. నొక్కకుండా, ఉన్నచోటే చిన్నగా కదిలించండి. పోచలు చిగురు అంచు కిందికి దూరినట్టు తెలుస్తుంది. పదిసార్లు కదిలించాక తర్వాతి రెండు పళ్ళకు జరగండి. లోపలివైపు కూడా అంతే. మొత్తం రెండు నిమిషాలు పడుతుంది. పొద్దున ఎలా తోమినా రాత్రి పూట తీరిగ్గా తోమండి. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది కాబట్టి పాచికి అదే మంచి అదను.

పళ్ళ మధ్యకు బ్రష్ చేరదు. సందులు పడినచోట సీసాలు కడిగే బ్రష్‌లా ఉండే బుల్లి బ్రష్ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. మీ సందుకు ఏ సైజు పడుతుందో డాక్టరు దగ్గరే పెట్టి చూపించుకోండి. సందు బిగుతుగా ఉన్నచోట ఫ్లాస్ దారం. అగ్గిపుల్ల, పిన్నీసు, చీపురుపుల్ల వద్దు.

మొదటి వారం రక్తం వస్తుంది. అది చూసి చాలామంది ఆ పక్క తోమడం మానేస్తారు, అక్కడే పాచి ఇంకా పేరుకుంటుంది. మెత్తగా తోముతూనే ఉండండి. వారం, రెండు వారాల్లో తగ్గాలి. తగ్గలేదంటే లోపల గార ఉన్నట్టే. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ డాక్టరు చెప్పినన్ని రోజులే వాడండి, సాధారణంగా రెండు వారాలు మించదు. ఎక్కువ రోజులు వాడితే పళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి, రుచి తెలియకుండా పోతుంది. నువ్వులనూనె పుక్కిలించే అలవాటుంటే ఉంచుకోండి, కానీ అది బ్రష్‌కు బదులు కాదు.

ముట్లు ఆగాక చాలామందికి నోరు పిడచగట్టుకుపోతుంది, కొందరికి నాలుక మండుతుంది. నిద్రకు, అలర్జీకి, డిప్రెషన్‌కు వాడే మందులు దాన్ని పెంచుతాయి. పక్కన నీళ్ళ సీసా పెట్టుకుని గుక్కెడు గుక్కెడు తాగండి. చప్పరించడానికి చక్కెర బిళ్ళలు వద్దు, సోంపు గింజలు నాలుగు నమలండి. కట్టుడు పళ్ళు రాత్రి తీసి, బ్రష్‌తో కడిగి నీళ్ళలో వేయండి.

తినేది, నడిచేది

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ముట్లు ఆగిన స్త్రీకి రోజుకు 1,200 మి.గ్రా. కాల్షియం కావాలి. పాలగ్లాసు ఒకటి, అంటే 200 మి.లీ., దాదాపు 240 ఇస్తుంది. గట్టి పెరుగు కప్పు కూడా ఇంచుమించు అంతే. నీళ్ళ మజ్జిగను పెరుగుగా లెక్కపెట్టుకోకండి. 50 గ్రాముల రాగిపిండితో చేసిన సంకటో జావో 180 దాకా ఇస్తుంది. రెండు చెంచాల నువ్వుల పొడి, గుప్పెడు మునగాకు వేసిన పప్పు, తోటకూర, ముల్లుతో సహా నమిలే చిన్న చేపలు కలిపితే రోజుకు చాలావరకు వంటింట్లోనే సరిపోతుంది. తక్కువైనదానికే బిళ్ళ. కాల్షియం కార్బొనేట్ బిళ్ళ భోజనంతో వేసుకోవాలి, ఒక్కసారికి 500 మించకూడదు. థైరాయిడ్ బిళ్ళకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి.

"తాంబూలంలో సున్నం ఉంది కదా, కాల్షియమే" అని మా పెద్దమ్మ అంటుండేది. దాంతో పాటు నోట్లోకి వెళ్ళే వక్క క్యాన్సర్ తెచ్చేది, పొగాకు కలిపితే మరీను. ఆ లెక్క వదిలేయండి.

విటమిన్ డి తక్కువని తేలితే 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్టో క్యాప్సూలో రాస్తారు. అది వారానికొకటి. రోజూ వేసుకుంటే ఒంట్లో కాల్షియం పెరిగిపోయి మూత్రపిండాలు దెబ్బతింటాయి. చీటీ మీద ఏ వారం వేసుకోవాలో రాయించుకోండి. ఎండ కూడా కావాలి. మన నీడ మన ఎత్తుకంటే పొట్టిగా ఉండే వేళ ముఖం, చేతులకు తగిలితే పని జరుగుతుంది. కిటికీ అద్దం వెనక కూర్చుంటే లాభం లేదు. మే నెల ఎండలో మాత్రం సాహసాలు వద్దు.

ఎముకకు బరువు పడాలి. రోజూ అరగంట చురుగ్గా నడవండి, మెట్లెక్కండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి. ఇప్పటికే వెన్ను విరిగినవాళ్ళు ముందుకు వంగి చేసే ఆసనాలు డాక్టరును అడక్కుండా చేయకండి. బాత్‌రూమ్‌లో గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి. అమ్మ పడ్డాక బిగించాం, ముందే చేయాల్సింది.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

చిగురు నుంచి చీము వస్తున్నా, పన్ను ఉన్నట్టుండి ఊగినా, పన్ను పీకిన గుంట వారాల తరబడి మానకపోయినా, నోట్లో తెల్లటి ఎముక అంచు తగిలినా, దవడో పెదవో మొద్దుబారినా వెంటనే వెళ్ళండి. నోట్లో పుండు రెండు వారాలకు మానకపోతే అదీ అంతే. దెబ్బేమీ తగలకుండా నడుములో ఒక్కసారిగా నొప్పి పుడితే, ఎత్తు తగ్గినట్టు, జాకెట్టు వెనక పైకి లేస్తున్నట్టు అనిపిస్తే వెన్నుపూస ఎక్స్‌రే అడగండి.

తర్వాతి తేదీలు

చిగుళ్ళ వైద్యం ఒక్కసారితో అయిపోదు. మొదటి ఏడాది మూడేసి నెలలకు వెళ్ళి మళ్ళీ కొలిపించుకోండి, ఆ తర్వాత డాక్టరు ఎడం పెంచుతారు. డెక్సా సాధారణంగా ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి, వీలైనంతవరకు అదే మెషీన్ మీద. మెషీన్ మారితే పాత అంకెతో పోల్చడం కుదరదు. పంచాంగం క్యాలెండర్ మీద పండగల పక్కనే ఈ తేదీలకు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పెట్టుకున్నాను.

మొన్న ఆరో నెలలో డాక్టరమ్మ మళ్ళీ కొలిచింది. ఆరు ఉన్నచోట "నాలుగు" అంది. పక్కనున్న అమ్మాయి వేసుకున్న కాగితాన్ని ఫొటో తీసుకుని, ఇంటికొచ్చి ఫైలులో పాత అంకె పక్కన రాసుకున్నాను. అదే ఫైలులో అమ్మకు ఇంకో అర పెట్టాను. మిగిలిన పళ్ళకు వచ్చే వారం స్కేలింగ్ చేయించుకోవడానికి ఒప్పుకుంది.